చెవుల్లోంచి పొగ రావాల్సిన నూడుల్స్

అప్పలకొండ చేతిలో ఏడువందల నలభై రూపాయలున్నాయి. బుర్రలో అంతకు రెట్టింపు తెలివి ఉందని అతనికీ, అన్న సింహాచలానికీ, వదిన పైడితల్లికీ గట్టి నమ్మకం. వీధి మొత్తానికి తెలివైన ఇల్లు మనదేనని ముగ్గురూ రోజూ పొద్దున్నే ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

సోమవారం కాలేజీ తెరుస్తారు. గేటు ముందు కారంకారంగా చైనా నూడుల్స్ అమ్మాలని అప్పలకొండ పట్టుదల. బండి మాత్రం తవిటయ్యది. మధ్యాహ్నం మీ ఇంటికొచ్చి రుచి చూస్తాను, నచ్చితే బండి అద్దెకిస్తాను, లేదంటే పునుగులవాడికి ఇచ్చేస్తాను అని ఆయన తేల్చి చెప్పాడు.

వంట ఎలాగో బజారులో ఫాస్ట్‌ఫుడ్ మాస్టర్ని అడిగి వచ్చాడు అప్పలకొండ. ప్యాకెట్టు ఎనిమిది నిమిషాలు ఉడకాలన్నాడు మాస్టర్. ఇతను కొన్నవి ఆరు ప్యాకెట్లు. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. ఇంకేముంది, గడియారం చూసుకుంటూ నిమిషం తగ్గకుండా ఉడికించారు. మూత తీస్తే, గోడలకు పోస్టర్లు అంటించే మైదా జిగురు.

"పోగులు విడివిడిగా ఉండాలన్నాడు కదా ఆ మాస్టర్?" అంటూ పైడితల్లి జంతికల గొట్టం తెచ్చింది. అంతే. జిగురంతా గొట్టంలో కూరి, పోగులు వత్తి, పెరట్లో దండెం మీద ఆరేశారు. పోగుకీ పోగుకీ మధ్య జానెడు ఎడం. దండెం చాలక పక్కింటివాళ్ళ దండెం కూడా అడిగి తెచ్చుకున్నారు. వాళ్ళ చీరలు తీసి నేలమీద పెట్టారు.

ఇక కారం. తిన్నవాడి చెవుల్లోంచి పొగ రావాలని మాస్టర్ మరీ మరీ చెప్పాడు. సింహాచలాన్ని పీట మీద కూర్చోబెట్టి, గరిటెడు మిరపకాయ సాస్ కలిపి పెట్టారు. కుడిచెవి దగ్గర అప్పలకొండ, ఎడమచెవి దగ్గర పైడితల్లి కాపు కాశారు. పొగ లేదు. చెవులు రెండు కాబట్టి గరిటెలూ రెండుండాలని అప్పలకొండకి తట్టింది. వేశాడు. లేదు. నాలుగు వేశాడు, ఎనిమిది వేశాడు. సింహాచలానికి ఎంత కారమైనా పాయసంతో సమానం. పొగ కనిపిస్తే చెప్పండి, అప్పుడు ఆపుతాను అంటూ ప్లేటు మీద ప్లేటు ఊడ్చేశాడు.

అంతలో తవిటయ్య వచ్చాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇంకేముంది, మొహం పండుమిరపకాయైంది, కళ్ళు ధారలు కట్టాయి, పెరట్లోకి పరుగెత్తి నీళ్ళతొట్టిలో తల ముంచేశాడు. అప్పలకొండ వెనకే వెళ్ళి ఆయన చెవిలోకి తొంగి చూశాడు.

"ఇంకా రాలేదొదినా. ఇంకో గరిటె పట్రా."

తవిటయ్య తల పైకెత్తి రొప్పుతూ అన్నాడు. "ఒరే, ఇది తినే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడు దొరికినా బండి నీకు ఊరికే ఇచ్చేస్తాను." తడి తలతోనే వెళ్ళిపోయాడు.

అద్దె కూడా లేదు! అప్పలకొండ పొంగిపోయాడు. మీ అన్న తిన్నాడుగా, వెళ్ళి చెప్పమంది పైడితల్లి.

"అన్న ఇంట్లో ఉన్నాడు కదొదినా. ఆయన అడిగింది ఊళ్ళో."

సింహాచలం మూతి తుడుచుకుంటూ అదీ నిజమేనన్నాడు.

ఊళ్ళో పన్నెండువందల గడపలు. గంటకి ముప్పై తిరిగితే నలభై గంటల పని. వరస తప్పితే లెక్క తప్పుతుందని ఒకటో నంబరు ఇంటి నుంచే మొదలుపెట్టాడు. మిగిలిన నూడుల్స్ బేసిన్లో వేసి నెత్తిన పెట్టుకుని వెళ్ళి, తలుపు కొట్టడానికి చెయ్యెత్తాడు.

లోపల తవిటయ్య తల తుడుచుకుంటున్నాడు.