కూనలమడుగు మూతకళ్ల తల్లి

కూనలమడుగు పక్షుల కేంద్రానికి వచ్చే యాత్రికులకు గేటు దాటగానే కనిపించేది గుడి గోపురం కాదు, కట్ట మీది వాచ్ టవర్. దాని మొదటి మెట్టు పక్కన, పైకప్పు లేని అరుగు మీద మోకాలెత్తు నల్లరాయి ఒకటి ఉంది. ఆమే గురవమ్మ తల్లి. ఏ పల్లెలోనైనా అమ్మవారి రాతికి వెండి కళ్లు పెట్టి మురిసిపోతారు. ఈ తల్లికి కళ్లు లేవు. టవర్ ఎక్కి సంచి ముక్కు గూడబాతులను చూడదలచినవారు ముందుగా ఇక్కడ కళ్లు మూసుకుని నిలబడాలి. నీటి మీద నుంచి ఒక్క పక్షి కూతైనా చెవిన పడ్డాకే కళ్లు తెరవాలి. మెడలో బైనాక్యులర్స్, భుజాన మూరెడు కెమెరా వేసుకొచ్చిన పట్నవాసులకు ఇది వింతగా తోచవచ్చు. ఎంత పెద్ద కెమెరా తెచ్చినా ఇక్కడ తొలి పని చెవులదే.

పూర్వం ఇక్కడ పెంచలుడనే వేటగాడు, తల్లి లేని కూతురు గురవితో కట్ట కింద గుడిసెలో కాపురం ఉండేవాడు. అప్పట్లో ఈ నీటిని పెద్దమడుగు అనేవారు. వల వేసి పక్షులను పట్టడం అతనికి తాతల నాటి పని. ఆ వేటకు దీమపు పక్షి కావాలి. అంటే, ఒక గూడబాతును ప్రాణాలతో పట్టి, దాని కనురెప్పలను దారంతో కుట్టి, కాలికి తాడు కట్టి నీళ్లలో ఉంచుతారు. చూపు లేని ఆ పక్షి తోటి పక్షుల కోసం అరుస్తూనే ఉంటుంది. ఆ పిలుపు నమ్మి వాలిన పక్షుల మీద వల పడుతుంది. ఇంతటి మోసానికీ ఒక కట్టుబాటు ఉండేది. కార్తీకం వచ్చి, నీటిలో నిలిచిన కడప చెట్ల మీద పక్షులు గూళ్లు కట్టగానే వేటగాళ్లు వలలు చుట్టి అటకెక్కించేవారు. దీమపు పక్షి కుట్లు కోసి, దండం పెట్టి వదిలేవారు. పురిటికొచ్చిన ఆడబిడ్డల మీద వల వేసేవాడు మనిషే కాడని వాళ్ల పెద్దల మాట.

ఒక ఏడు పాళెగాడి ఇంట పెళ్లి వచ్చింది. విందుకు గూడబాతులు తెచ్చినవాడికి కట్ట కింద తడిచేను ఇస్తానని అతడు కబురు పంపాడు. పెంచలుడి మనసు ఆ చేను మీద పడింది. తాను పోయాక కూతురు ఇంటింటా చేయి చాచకూడదని అతని ఆశ. ఆశలో తప్పు లేదు, పట్టిన దారే పాపిష్టిది.

దీమపు పక్షికి మేత పెట్టేది గురవే. దానిని చెల్లీ అని పిలుచుకునేది.

"నాయినా, కార్తీకం వచ్చేసింది గదా. చెల్లి కుట్లు ఇప్పేయి," అని అడిగింది.

"ఈ ఒక్క తూరికి ఓర్చుకో అమ్మణ్ణీ. నీ కోసమే గదా."

"నా కోసమైతే వొద్దు నాయినా."

పెంచలుడు ఆ మాట పెడచెవిన పెట్టాడు. కూనలకు చేపల కోసం దిగిన తల్లిపక్షులు దీమపు పిలుపు విని వాలాయి, వాలినవి వాలినట్టే చిక్కాయి. పెళ్లివారు వేళ్లు నాకుతూ తిన్నారు. చెట్ల మీద రెక్కలు రాని కూనలు మిగిలాయి. ఆకలికి అవి పెట్టే గోల ఊళ్లో ఇంటింటికీ వినిపించింది. పిల్లల తల్లులకు ముద్ద గొంతు దిగలేదు.

ఆ వారంలోనే గురవికి అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కి, కనురెప్పలు రెండూ అతుక్కుపోయాయి. పెంచలుడు కత్తి తీసుకుని నీళ్లలోకి పరుగెత్తి దీమపు పక్షి కుట్లు కోశాడు. దారం వచ్చింది గాని రెప్పలు విడలేదు. అవి ఎప్పుడో కలిసి మానిపోయాయి. ఆ పక్షిని తెచ్చి కూతురి ఒడిలో పెట్టి బావురుమన్నాడు.

"చెల్లి కళ్లు తెరుచుకున్నాయా నాయినా?" అని ఆమె అడిగింది.

"లేదమ్మా."

తండ్రి పసరు కోసం పక్క ఊరికి వెళ్లినప్పుడు, ఒక చంకన పక్షిని, మరో చంకన చేపల బుట్టను పెట్టుకుని, కూనల అరుపే దారిగా గురవి మడుగులోకి నడిచింది. పెంచలుడు తిరిగి వచ్చేసరికి నీటి మీద బుట్ట తేలుతోంది. మర్నాటికి చెట్ల మీద అరుపు కూడా ఆగిపోయింది. అప్పటినుంచి జనం దీన్ని కూనలమడుగు అన్నారు.

ఎండాకాలం మడుగు అడుగంటినప్పుడు, చెట్ల మొదట్లో మూసిన రెప్పల గుర్తులతో ఈ రాయి బయటపడింది. పెంచలుడు దాన్ని గుండెకు హత్తుకుని కట్ట మీదకు మోసుకొచ్చాడు. పాళెగాడిచ్చిన చేను అమ్మి వెండి కళ్లు చేయించాడు. అవి పెట్టవలసిన రోజు తెల్లవారుజామున గురవి కలలోకి వచ్చింది. చంకన ఆ పక్షి అలాగే ఉంది.

"కళ్లు వొద్దు నాయినా. పెడితే నిన్ను చూడాల్సొస్తుంది," అంది.

పెంచలుడు ఆ వెండి కళ్లను రాయి కిందనే పాతిపెట్టాడు. వలలన్నీ తగలబెట్టి, చచ్చేదాకా ఆ అరుగు దగ్గరే పడి ఉన్నాడు. కూతురు చూడనన్న ముఖంతో ఆమెను చూడలేక, కళ్లకు గంతలు కట్టుకునే దీపం పెట్టేవాడు.

కొన్నేళ్లకు గూడబాతులు మళ్లీ వచ్చాయి. నేటికీ ఈ మడుగులో వల పడదు, చుట్టుపట్ల దీపావళికి టపాకాయ పేలదు. గూళ్లు పెట్టిన కాలంలో ఇక్కడ చేపలు వదిలి మొక్కుకుంటే కడుపున పుట్టినవారు చల్లగా ఉంటారని నమ్మకం. పోయిన చూపు వస్తుందని మాత్రం మేము చెప్పం. తల్లి తన చూపే వద్దనుకుంది.

పెంచలుడి వంశంవారే ఇప్పటికీ పూజారులు. గంతలతోనే పూజ చేస్తారు. హారతి అయ్యాక పూజారి మడుగు వైపు తిరిగి, "అమ్మణ్ణీ, ఇప్పేదా?" అని ఒక్కసారి అడుగుతాడు. పక్షి కూస్తే గంతలు విప్పుతాడు. కూయని రోజున అలాగే తడుముకుంటూ ఇంటికి పోతాడు.