సింహం వెనక కాళ్లు

అనగనగా, మనకు చాలా తూర్పున, జపాన్ దేశంలో ఒక కొండ అడవి. ఆ కొండ మీద జంతువులకు ఒక చిన్న గుడి ఉండేది. ఆకులు ఎర్రబడగానే అక్కడ జాతర చేసేవి. జాతరలో సింహం ఆట ఉండేది. కొయ్యతో చేసిన ఎర్రటి సింహం తల, దాని వెనక పొడవాటి ఆకుపచ్చ గుడ్డ. ఒకరు తల పట్టుకుని ముందు ఆడాలి. ఇంకొకరు గుడ్డ కింద వంగి వెనక కాళ్లు కావాలి. ఆ సింహం పిల్లల తల మెల్లగా కొరికితే ఏడాదంతా జబ్బు రాదని వాళ్ల నమ్మకం.

తల పట్టేది మసుకే అనే కోతి. వెనక కాళ్లు గెంటా అనే నక్క.

ఆ ఏడాది డప్పు మోగింది. ఆట మొదలైంది.

"మసుకే ఎంత బాగా ఆడుతున్నాడో," అంది ఉడుత. గుడ్డ కింద గెంటా విన్నాడు.

"వాడు పట్టుకుంటే కొయ్యకి కూడా ప్రాణం వస్తుంది," అంది బాతు. గెంటాకి కడుపు మండింది.

ఎలుగుబంటి తాత వచ్చి మసుకే చేతిలో ఒక పండు పెట్టాడు. 'నడుం విరిగేలా వంగేది నేను. పేరు వాడికా?' అని గెంటా పళ్లు నూరాడు.

అప్పుడే కియో అనే కుందేలు తన కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. "మూడు వారాలుగా జ్వరంతో పడి ఉంది నాయనా. రెండు కొండలు దాటి వచ్చాను. దీని తల కాస్త కొరకండి," అంది.

మసుకే ముందుకు వంగాడు. 'అందరి ముందూ పడితే వాడికి తెలిసొస్తుంది' అనుకుని గెంటా చటుక్కున కూలబడ్డాడు. సింహం బోర్లా పడింది. కొయ్య తల రాయికి తగిలి దవడ ఊడింది. పిల్ల జడుసుకుని ఏడ్చింది. కియో దాన్ని గుండెకు అదుముకుని కొండ దిగిపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు ఎలుగుబంటి తాత.

"నేనే గట్టిగా లాగినట్టున్నాను తాతా," అన్నాడు మసుకే. "గెంటా, దెబ్బ తగిలిందా?"

గెంటా తల ఎత్తలేకపోయాడు. "నువ్వు లాగలేదు. నేనే కావాలని కూర్చున్నాను. అందరూ నిన్నే మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను."

మసుకే వెళ్లి ఒక తాడు తెచ్చాడు. తర్వాత, "దవడ పట్టుకో, కడదాం," అన్నాడు.

ఇద్దరూ దవడను తాడుతో కట్టి, రెండు కొండలు దాటి కియో ఇంటికి వెళ్లారు. సింహం తల చూడగానే పిల్ల అమ్మ వెనక దాక్కుంది. గెంటా గుడ్డ కింద నుంచి తోక బయటపెట్టి మెల్లగా ఆడించాడు. పిల్ల తొంగి చూసింది. తోక ముట్టుకుని నవ్వింది. ఆ తర్వాత తనే ముందుకు వచ్చి తల వంచింది. సింహం మెల్లగా కొరికింది.

"చల్లగా ఉండు మసుకే," అంది కియో.

గెంటాకి లోపల కొంచెం చురుక్కుమంది. అయినా పిల్ల నవ్వుతున్నంతసేపూ తోక ఆడిస్తూనే ఉన్నాడు.

నీతి: ఈర్ష్యతో తోటివాణ్ణి పడగొట్టాలని చూస్తే, ఆ దెబ్బ ఏ తప్పూ చేయనివాళ్లకు తగులుతుంది.