ఎర్రక్క మీద ఏడు సాక్ష్యాలు

ఔబళుడికి ఆ పూట అన్నం సహించలేదు. ఆరేళ్ళుగా గుండయ భట్టు దగ్గర తర్కం చదువుతున్నాడు. ఎదుటివాడి వాదంలో లోపం పట్టడంలో వాడికి వాడే సాటి అని తోటి విద్యార్థులు అంటారు. తీరా నిజమైన వాదం నెత్తిన పడేసరికి ఎక్కడ పట్టాలో అందడం లేదు.

ఊరిపెద్ద గంగిరెడ్డి ఎడ్లు మూడు ఒకే ఉదయం చచ్చిపోయాయి. కుడితి తొట్టిలో మంత్రసాని ఎర్రక్క గన్నేరు పప్పు కలిపిందన్నారు. మధ్యాహ్నం రచ్చలో నేరం రుజువైతే ఆమెను ఊరు వెళ్ళగొడతారు. సగం ఊరికి బొడ్డు కోసిన మనిషి! "నా తరఫున ఒక్క మాట చెప్పు సామీ" అని ఆమె అడిగితే, ఔబళుడు సరేనన్నాడు.

"గురువుగారూ, అవతల ఏడుగురు సాక్షులు. కమ్మరి, కంసాలి, కోమటి... ఒక్కరూ అబద్ధమాడేవాళ్ళు కారు. ఇవతల ఎర్రక్క మాట ఒక్కటే. ఏడింటి ముందు ఒకటి ఎట్లా నిలుస్తుంది?"

గుండయ భట్టు పెరట్లో కూర మడులకు నీళ్ళు పెడుతున్నాడు. బావి దగ్గర నుంచి వచ్చే కాలువ పెరటి మధ్యకు వచ్చి పాయలు పాయలుగా చీలుతుంది. ఆయన పార అందుకున్నాడు. చీలిక దగ్గరికి పోయి, దానికి జానెడు ఎగువన పారతో ఇంత మట్టి పెళ్ళ తెచ్చి వేశాడు.

చూస్తుండగానే వంగ మడికి నీళ్ళు ఆగిపోయాయి. బెండ మడికి ఆగాయి. చివర తోటకూర మడిలో కాస్త తడి మెరిసి, అదీ ఇంకిపోయింది.

"ఏ మడి జోలికైనా వెళ్ళానా నాయనా?" అని, ఆయన పార కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఔబళుడు ఆ మట్టి పెళ్ళ వంక, ఆరిపోతున్న మడుల వంక చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి రచ్చకేసి పరుగెత్తాడు.

రచ్చ నిండిపోయి ఉంది. కమ్మరి వీరాచారి మొదట లేచి, ఎర్రక్క తెల్లవారుజామున తొట్టి దగ్గర ఉందని చెప్పాడు.

"నువ్వు చూశావా, విన్నావా?" అన్నాడు ఔబళుడు.

వీరాచారి తడబడ్డాడు. "విన్నాను సామీ. కోమటి చెప్పాడు."

కోమటికి కంసాలి చెప్పాడు. కంసాలికి గొడ్లకాపరి బసివన్న చెప్పాడు. నాలుగో సాక్షీ, ఐదో సాక్షీ బసివన్న పేరే చెప్పేసరికి జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఆరోవాడు తనను అడగకముందే తల దించుకున్నాడు. ఏడోవాడే బసివన్న.

"నేను చూశాను సామీ. చంకన బుట్టతో ఒక ఆడమనిషి తొట్టి పక్కగా పోయింది."

"ముఖం చూశావా?"

"మంచు. తొట్టే కంటికి సరిగా ఆనలేదు."

"మరి ఎర్రక్క అని ఎట్లా అన్నావు?"

బసివన్న తువ్వాలు నలుపుకున్నాడు. "మందూ మాకూ తెలిసింది ఆమె ఒక్కతే కదా... అనుకున్నాను సామీ."

గంగిరెడ్డి అరుగు దిగి వచ్చాడు. "ఎర్రక్కా, తప్పు మాది. ఎక్కడికీ పోవద్దు" అని అందరి ముందూ చేతులు జోడించాడు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు ఒక్కసారిగా ఆమెను చుట్టుకున్నారు. ఒకామె ఏడుస్తోంది, ఒకామె నవ్వుతోంది. ఎర్రక్క రెండూ చేస్తోంది. కుర్రకారు ఔబళుణ్ణి భుజాలకెత్తుకుని ఊరేగించినంత పని చేశారు.

సందడి దాటుకుని వాడు ఇంట్లో ఉన్న గురువు దగ్గరికి వచ్చి పాదాలు తాకాడు. మొహం వెలిగిపోతోంది.

"గెలిచాం గురువుగారూ!"

"మంచిది. ఏం వాదించావు?"

ఔబళుడు చెప్పబోయి తల గోక్కున్నాడు.

"ఏమీ వాదించలేదండీ. అడిగానంతే."

గుండయ భట్టు పకపకా నవ్వి, వాడి వీపు మీద గట్టిగా ఒక్క చరుపు చరిచాడు.

"అయితే నీకు తర్కం వచ్చిందిరా!"