పరంజా ఎక్కే ముందు

పైడయ్య మేస్త్రిని ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాడు. ప్రశ్న మొత్తం వినేవాడు, చుట్ట ఆర్పేవాడు, చెప్పులు వేసుకునేవాడు. ఆయన చెప్పులు వేసుకున్నాడంటే జవాబు బయట ఎక్కడో ఉందని, అడిగినవాళ్లు కూడా లేచి నడవాలని అర్థం. విశాఖపట్నంలో నలభై ఏళ్లు గోడలు కట్టిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక తాపీ పక్కన పెట్టేశాడు గానీ, ఆయన అరుగు మీదికి జనం రావడం మాత్రం ఆగలేదు. పనివాళ్ల సంగతి సరే, ఇంజనీర్లు, కాలేజీ లెక్చరర్లు కూడా వచ్చి శిష్యుల్లా చతికిలబడేవారు. చదువుకున్నవాళ్లకు ఇదేం పిచ్చి అనుకున్నవాళ్లు కూడా ఆయన వెంట ఒక్కసారి నడిస్తే చాలు, మళ్లీ ఆ మాట అనరు.

ఆ శిష్యుల్లో సుగుణమణి ఒకరు. ఆసుపత్రిలో హెడ్ నర్సు. కాలు విరిగి మేస్త్రి ఆమె వార్డులో నెలన్నర పడుకున్నాడు. ఆమె కట్లు మార్చింది, ఆయన ఆమె ఆలోచనలు మార్చాడు. అప్పటినుంచీ రాకపోకలు. ఇక రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాయనగా, ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి కూర్చోకుండానే అడిగింది.

“మేస్త్రి గారూ, పని మన చేతిలో లేనప్పుడు భయం మాత్రం మన గుండెల్లో ఎందుకుంటుంది? దీన్ని వదిలించుకునే దారి చెప్పండి.”

సంగతేమిటంటే, మధురవాడలో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకటి ఉంది. తేజోమూర్తి అనే ఆసామి దాన్ని వాటాలు వేసి అమ్ముతున్నాడు. వాటా కొన్నవాళ్లు ఇటుక ముట్టుకోనక్కర్లేదు, అద్దెకున్నవాళ్ల మొహం చూడనక్కర్లేదు. అన్నీ ఆయనే చూసుకుంటాడట, వీళ్లు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే నెలనెలా అద్దెలో వాటా బ్యాంకులో పడుతుందట. ఫ్లాట్లన్నీ నిండే ఉన్నాయట. సుగుణమణికి తన రిటైర్మెంటు సొమ్మంతా అక్కడే పెట్టేయాలని ఉంది. చిక్కల్లా ఆమె ఒక్కతే కాకపోవడం. ఆమె కింద పనిచేసిన పదకొండు మంది నర్సులు, సిస్టరు ఎక్కడ సంతకం పెడితే మేమూ అక్కడే అని భీష్మించుకున్నారు. సంతకాలు వచ్చే ఆదివారమే. తన సొమ్ము పోతే ఏడ్చి ఊరుకుంటుంది, పదకొండు ఇళ్ల ఉసురు ఎలా మోస్తుంది? వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

మేస్త్రి చుట్ట ఆర్పి చెప్పులు వేసుకున్నాడు.

పక్క వీధిలో ఒక ఇల్లు లేస్తోంది. పై అంతస్తు బయటి గోడకు సిమెంటు పూయాలి. మనిషి అంత ఎత్తున నిలబడడానికి సరుగుడు కర్రలతో పరంజా కట్టి ఉంది, కట్టింది నిన్న సాయంత్రమే. గౌరునాయుడు అనే తాపీ పనివాడు వచ్చాడు గానీ ఎక్కలేదు. ఒక్కో కర్రనూ పట్టుకుని ఊపాడు. ముడులన్నీ వేళ్లతో తడిమాడు. కింది వరస చెక్క మీదికెక్కి రెండు గెంతులు గెంతాడు. ఒకచోట తాడు లాగి చూస్తే వదులుగా ఉంది. కట్టినవాణ్ణి కేకేసి ముడి విప్పించి మళ్లీ బిగించమన్నాడు. “ఎండెక్కిపోతోందయ్యా బాబూ, ఎక్కు!” అని సూపర్‌వైజరు మొత్తుకుంటున్నాడు. ఆ అరుపులు గౌరునాయుడి చెవిన పడ్డట్టే లేదు.

సుగుణమణి ఉండబట్టలేక అడిగింది. “కట్టినవాడి మీద నమ్మకం లేదా నాయనా?”

గౌరునాయుడు పకపకా నవ్వాడు. “నమ్మకం లేకేటి సిస్టరమ్మా, కట్టింది మా బావే! కానీ కట్టినోడు కిందుంటాడు, నాను పైనుంటాను.”

ముడి బిగిసింది. అప్పుడెక్కాడు. ఎక్కాక తాళ్ల వైపు తిరిగి చూడలేదు, వాడి చూపంతా గోడ మీదే, ఈల కూడా మొదలుపెట్టాడు. మేస్త్రి ఆమెకు ఒక టీ ఇప్పించి తన దారిన ఇంటికి పోయాడు. ఇంత దూరం నడిపించి టీ నీళ్లు పోసి పంపించాడేమిటి ఈయన అని సుగుణమణి బస్సులో చాలాసేపు సణుక్కుంది. ఇల్లు చేరేసరికి సణుగుడు ఆగిపోయింది. సోమవారం తెల్లవారుతూనే ఆమె మధురవాడలో ఉంది.

పాల ప్యాకెట్లు వేసే అప్పన్న వెనకాలే మెట్లెక్కింది. లిఫ్టు పనిచేయడం లేదు. అపార్ట్‌మెంట్లలో పద్ధతి మనకు తెలిసిందే, పాలు కావలసినవాళ్లు తలుపుకు సంచి తగిలిస్తారు. ముప్పై నాలుగేళ్లు ప్రతి పొద్దూ వార్డులో మంచాలు చూసుకుంటూ నడిచిన మనిషికి, రిజిస్టరులో నిండిన మంచం వేరు, మనిషున్న మంచం వేరు అని ఒకరు చెప్పాలా? నలభై తలుపుల్లో సంచులున్నవి పందొమ్మిది. “వేసవిలో నీళ్లుండవమ్మా. ట్యాంకరు దగ్గర కొట్టుకోలేక ఖాళీ చేసి పోతారు” అన్నాడు అప్పన్న. మర్నాడూ వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. మోకాళ్లు పట్టేశాయి గానీ లెక్క మారలేదు.

ఆదివారం హోటలు హాల్లో వాటాలు కొనేవాళ్లతో తేజోమూర్తి సభ పెట్టాడు. ముందు వరసలో పదకొండు మంది నర్సులు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. సుగుణమణి లేచి నిలబడి, ఎన్ని ఫ్లాట్లలో మనుషులున్నారని అడిగింది.

“అన్నింట్లోనూ సిస్టర్” అన్నాడు తేజోమూర్తి.

“పాల సంచులు పందొమ్మిదే ఉన్నాయి మరి?”

“బ్యాచిలర్లండీ, సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు. వాళ్లు పాలెక్కడ తాగుతారు?” హాలంతా నవ్వులు. సుగుణమణి మొహం కందిపోయింది. అంతమందిలో కూర్చోబెట్టేశాడనే అనుకున్నారు అందరూ. ఆమె మాత్రం కూర్చోలేదు.

“పాలు తాగకపోతే తాగకపోయారు, బట్టలు కూడా ఆరేసుకోరా బాబూ? ఇరవై ఒక్క బాల్కనీల్లో మూడు రోజులుగా ఒక్క బనీను కనపడలేదు!”

ఈసారి నవ్వులు అటు తిరిగాయి. పదకొండు పెన్నులకూ టకటకా మూతలు పడ్డాయి. “అయితే నా మీద మీకు నమ్మకం లేదన్నమాట” అన్నాడు తేజోమూర్తి.

“నమ్మకం లేకపోతే ఈ మోకాళ్లతో అన్ని మెట్లెక్కేదాన్నా?” అంది సుగుణమణి. ఆ అపార్ట్‌మెంటుకు కుళాయి లైను వచ్చేదాకా తమ సొమ్ము బ్యాంకులోనే ఉండాలంది, ఆయనదీ తనదీ ఇద్దరి సంతకాలూ పడితే గాని కదలకూడదంది. ఆయన సొమ్ము కూడా తమ సొమ్ముతో పాటు ఉండాలి, అద్దెల్లో ముందు తమ వాటా ఇచ్చాకే ఆయన తన వాటా తీసుకోవాలి. తేజోమూర్తి ఫైలు చంకన పెట్టుకుని విసవిసా వెళ్లిపోయాడు.

రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. మంచి అవకాశం చెడగొట్టుకున్నామని నర్సుల్లో ఒకామె అననే అంది. సుగుణమణికీ లోపల పీకుతూనే ఉంది, పైకి మాత్రం చెక్కుచెదరలేదు. ఒకరోజు తలుపు తడితే ఎదురుగా తేజోమూర్తి! చేతిలో ఫైలు లేదు, గొంతులో ఆ దర్జా లేదు. సభలో ఉన్న మిగతా జనం కూడా పొద్దున్నే వెళ్లి మెట్లెక్కడం మొదలుపెట్టారట. “మీరు చెప్పినట్టే రాసుకుందాం సిస్టర్” అన్నాడు. సుగుణమణి లాయరుతో రాయించింది, అక్షరం అక్షరం చదివించుకుంది. తోటి నర్సులను కూర్చోబెట్టి, పోయినా ఇంట్లో పొయ్యి వెలిగేంత పక్కన పెట్టుకుని మిగిలిందే ఇవ్వండని గట్టిగా చెప్పింది. తనూ మూడో వంతే పెట్టింది. పైపులు పడి, కుళాయిలో నీళ్లు ధారగా వచ్చిన రోజున సొమ్ము కదలడానికి రెండో సంతకం చేసింది. ఆ తర్వాత తేజోమూర్తికి రోజూ ఫోను చేసి ప్రాణం తీయలేదు. మూడు నెలలకోసారి పొద్దున్నే వెళ్లి మెట్లెక్కి వచ్చేది, అంతే.

మరుసటి వేసవిలో చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల ముందు ట్యాంకర్లు బారులు తీరాయి. వీళ్ల ఫ్లాట్లలో ఒక్కటీ ఖాళీ లేదు. ఎవరైనా ఖాళీ చేస్తే చెప్పమని తొమ్మిది కుటుంబాలు వాచ్‌మన్‌కు ఫోను నంబర్లు ఇచ్చి వెళ్లాయి. అనుకున్నదానికంటే ఎక్కువే అద్దెలు పడ్డాయి. పన్నెండు మందీ కొత్త చీరలు కట్టుకుని, రెండు ఆటోల్లో, మాడుగుల హల్వా పొట్లాలతో పెళ్లివారిలా మేస్త్రి ఇంటి మీదికి వచ్చి పడ్డారు. అరుగు చాలలేదు. వీధి వీధంతా వాళ్ల నవ్వులే. ఆ రోజు బనీను మాట చెప్పుకుని చెప్పుకుని పొట్టలు పట్టుకున్నారు. సుగుణమణి ఆనందం పట్టలేక మేస్త్రి చేతులు రెండూ పట్టేసుకుంది.

“మీ దయవల్ల గెలిచాం మేస్త్రి గారూ! ఆ భయం ఇప్పుడు ఇంత కూడా లేదు, పూర్తిగా పోయింది!”

మేస్త్రి హల్వా ముక్క నోట్లో వేసుకోబోయి ఆగాడు.

“అయ్యో, పోయిందేటి? పనంతా చేసింది అదే కదా సిస్టరమ్మా!”