తాళం వేసిన మేడ

పూర్వం ఒక రాజ్యంలో శిస్తు కట్టలేని రైతుల బకాయిలను వేలం వేసేవారు. పాడుకున్నవాడు ఆ సొమ్ము ఖజానాకు కట్టాలి. ఉగాదిలోగా రైతు దాన్ని వడ్డీతో సహా అతని చేతిలో పెడితే సరే, లేకపోతే పొలం అతనిదే.

కామందు గవరయ్య ఈ దారిలోనే సగం ఊరిని మింగాడు. బకాయిలు పాడుకోవడం, గడువు దగ్గరపడగానే మేడకు బయట తాళం వేయించి లోపల దాక్కోవడం! డబ్బు తెచ్చినవాళ్లు తాళం చూసి ఏడుస్తూ తిరిగిపోయేవాళ్లు.

ఈసారి బొంతలు కుట్టే పోలమ్మ పొలం వంతు వచ్చింది. ఆఖరి రోజున ఆమె డబ్బు మూటతో వచ్చేసరికి తలుపుకు తాళం, లోపలి నుంచి ఘుమఘుమలాడే పోపు వాసన! పోలమ్మ నవ్వుకుని, నేరుగా శిస్తు వసూలుచేసే అమీను దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, గవరయ్యగారు ఇంటిపన్ను కట్టకుండానే ఊరొదిలి వెళ్లిపోయారు. అలాంటి ఇంటిని అప్పటికప్పుడు వేలం వేయాలని రాజుగారి శాసనం కదా!"

అమీను వచ్చి తాళం చూశాడు. డప్పు మోగింది. ఊరంతా మూగింది.

"యజమాని లేని మేడ! పోలమ్మ పాట పది వరహాలు! ఒకటోసారి... రెండోసారి..."

కిటికీ భళ్లున తెరుచుకుంది. "ఆపండి! నేను ఇంట్లోనే ఉన్నాను!" అని గావుకేక పెట్టాడు గవరయ్య.

పోలమ్మ ఊచల సందులోంచి మూటను అతని చేతిలో పెట్టేసింది. "అమీనుగారూ, పాట ఆపించండి. నా డబ్బు తీసుకునే మనిషి దొరికాడు."