గుమ్మడికాయతో పట్నం చూడబోయిన మంగాయమ్మ

అనగనగా గోదారి నడిమధ్య ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు. చుట్టూ నీళ్ళే. ఆ ఊరికి బస్సు లేదు, రైలు లేదు. ఎవరు రావాలన్నా పడవెక్కి రావాల్సిందే. దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు కూడా లోపల పెట్టుకో. ఆఁ, ఇప్పుడు ఊఁ కొట్టు.

ఏ వస్తువైనా పడవలో వస్తేగానీ దొరకని ఊరు కదా, అందుకని అక్కడివాళ్ళకి ఒక అలవాటు. ఎవరింటికీ ఉత్తచేతులతో వెళ్ళరు. రెండు వంకాయలైనా సరే, గుప్పెడు పెసలైనా సరే, తీసుకెళ్ళి ఇంటావిడ చేతిలో పెడతారు. ఆ తర్వాతే గడప దాటుతారు. ఇవ్వడానికి తెచ్చినదాన్ని దారిలో నేలమీద పెట్టరు, ఇంకొకరికి అప్పగించరు.

ఆ ఊళ్ళో మంగాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు సూరయ్య. వాళ్ళ మనవరాలు బుల్లి, అచ్చం నీ అంతే ఉంటుంది.

మంగాయమ్మకి ఒకే ఒక్క కోరిక. హైదరాబాదులో ఒక పెద్ద మ్యూజియం ఉందిట. అందులో ఒక గడియారం ఉందిట. గంట అయ్యేసరికి ఒక గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికొస్తాడట. గంట కొడతాడట. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయి తలుపేసుకుంటాడట. చిన్నప్పుడు పడవ నడిపే ఆయన చెప్పగా విన్నది. ఆ తర్వాత ఆమెకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకి పిల్లలు పుట్టారు. గడ్డం మనిషిని మాత్రం చూడనేలేదు.

ఒక ఏడాది దోసపాదులు విరగ కాశాయి. అప్పుడు సూరయ్య అన్నాడు, "పద మంగా, పట్నం చూసొద్దాం. పొద్దున్నే దిగుతాం, సాయంత్రం రైలెక్కేస్తాం. అంతకు మించి ఉండలేం, పాదులు ఎండిపోతాయి."

మంగాయమ్మ మారు మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళి, అన్నిటికంటే పెద్ద తీపి గుమ్మడికాయ కోసుకొచ్చింది.

"అదెందుకే?" అన్నాడు సూరయ్య.

"అంత పెద్ద ఊరికి చుట్టంగా వెళుతూ, చేతులూపుకుంటూ పోతామా?"

"ఎవరికిస్తావే అక్కడ?"

"ఊరన్నాక ఇంటావిడ ఉండదూ? ఉంటుంది. కనబడుతుంది."

అప్పుడు ముగ్గురూ పడవెక్కి, బస్సెక్కి, రైలెక్కారు. మంగాయమ్మ గుమ్మడికాయని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా కూచున్న ముసలాయన చూసి, "నిద్రపోతున్నాడా అమ్మా? ఎన్నో నెల?" అని అడిగాడు. బుల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తెల్లారేసరికి పట్నం వచ్చింది. అబ్బో, ఎంత పట్నమనుకున్నావు! ఎటు చూసినా మనుషులే. సూరయ్య ముందు ఏం చేశాడో తెలుసా? తన కండువా కొసని బుల్లి చేతికి కట్టాడు. "ఈ ముడి విప్పావంటే నీతో మాట్లాడను" అన్నాడు. కొత్త ఊళ్ళో పెద్దవాళ్ళ చెయ్యి వదలకూడదమ్మా, ఎప్పుడూ.

ముందు చార్మినారుకి వెళ్ళారు. నాలుగు పెద్ద స్తంభాలు ఆకాశంలోకి వెళ్ళిపోతున్నాయి. చుట్టూ గాజుల దుకాణాలు, మీద గుంపులు గుంపులుగా పావురాలు. మంగాయమ్మ మెట్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడి కాపలాదారు ఆపాడు.

"పెద్దమ్మా, అది పట్టుకొని పైకి పోవద్దు. ఇరుకు మెట్లు. చెయ్యి జారిందంటే కిందోళ్ళ నెత్తిన పడ్తది."

అప్పుడు సూరయ్య అన్నాడు, "నువ్విక్కడ కూచో మంగా. మేం ఎక్కి చూసొస్తాం."

మంగాయమ్మ అరుగు మీద కూచుంది. ఇద్దరూ ఎక్కారు, చూశారు, దిగారు.

"ఏం కనబడింది?" అంది మంగాయమ్మ ఆశగా.

"ఏముంది, అన్నీ మెట్లే. పద పద, పొద్దెక్కుతోంది" అన్నాడు సూరయ్య.

ఆ తర్వాత నవాబుల మహలుకి వెళ్ళారు. దారిలో కొత్తగా తెరుస్తున్న చెప్పుల కొట్టతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పెద్దమ్మా, సమయానికి దేవతలా వచ్చినవ్! కాయ ఇయ్యి. దిష్టి తీసి గడప ముందర కొట్టాలె."

"కొట్టడానికా!" మంగాయమ్మ కాయని గుండెకి హత్తుకుంది. "ఇది దప్పళంలోకి నాయనా. నీ గడప చల్లగా ఉండాలి గానీ, నా కాయ జోలికి రాకు."

మహలు చూడగానే మంగాయమ్మ మొహం విప్పారింది. ఇంత ఇల్లుందంటే ఇంటావిడ ఉండకుండా ఎలా ఉంటుంది? గుమ్మంలో ఉన్న కాపలాదారుతో, "మీ అమ్మగారిని ఒక్కసారి పిలు నాయనా, ఇది చేతికిచ్చి లోపలికొస్తాం" అంది.

అతను తల గోక్కున్నాడు. "ఇక్కడ ఎవరూ ఉండరు పెద్దమ్మా. ఉన్నోళ్ళు పోయి చానా ఏండ్లయింది."

"అయ్యో. ఎప్పుడొస్తారు మరి?"

అతను నవ్వలేక, ఏడవలేక, గుమ్మం పక్కన నీడ చూపించాడు. అప్పుడు సూరయ్య మళ్ళీ అన్నాడు, "నువ్విక్కడ కూచో మంగా. మేం చూసొస్తాం." మంగాయమ్మ మళ్ళీ కూచుంది.

వాళ్ళు బయటికి రాగానే అడిగింది. "ఏం చూశారు?"

"ఏముంది, అన్నీ కుర్చీలే. కూచోనివ్వరు కూడా" అన్నాడు సూరయ్య.

"దీపాల గుత్తులు మామ్మా, ఇంతింత! మన పడవంత ఉన్నాయి" అంది బుల్లి. మంగాయమ్మ తలెత్తి పైకి చూసింది, అక్కడే వేలాడుతున్నట్టు.

నిద్రొస్తోందా? ఇంకొంచెమే ఉంది. ఊఁ కొట్టు మరి.

అప్పుడు మూడోది, మ్యూజియం. వాళ్ళు వెళ్ళేసరికి మూడు గంటలు కొట్టడం అయిపోయింది. ఇంక నాలుగు గంటలది ఒక్కటే మిగిలింది. అది చూశాక పరుగున పోతే తప్ప రైలు అందదు.

గేటు దగ్గర సంచులు తీసుకుని టోకెన్లు ఇచ్చే కుర్రవాడు గుమ్మడికాయని చూశాడు. "సంచీ అయితే టోకెన్ కడతా. దీనికేడ కట్టాలె పెద్దమ్మా?"

"కాడకి కట్టు" అంది బుల్లి.

మంగాయమ్మ ఒప్పుకోలేదు. "ఇదేవన్నా చెప్పులా, టోకెనుకి పెట్టి పోవడానికి? ఇవ్వడానికి తెచ్చింది. ఇచ్చాకే లోపలికి."

"నువ్వు ఇచ్చేదెప్పుడు, మనం చూసేదెప్పుడు?" అన్నాడు సూరయ్య. ఆ తర్వాత ఏమన్నాడో నువ్వే చెప్పు చూద్దాం. ఆఁ, అదే! "నువ్విక్కడ కూచో మంగా. మేం చూసొచ్చి చెబుతాం."

మంగాయమ్మ గేటు పక్కన అరుగు మీద కూచుంది. ఈసారి ఆమెకి కళ్ళు చెమర్చాయి.

అప్పుడు చుట్టూ చూసింది. ఆ అరుగు పొడుగునా ఆడవాళ్ళే. ఒకామె ఒళ్ళో సంచులు, ఒకామె చేతిలో పాలసీసా, ఒకామె భుజాన నిద్రపోతున్న పిల్లాడు. వాళ్ళ వాళ్ళంతా లోపల ఉన్నారు. వీళ్ళు మాత్రం బయట ఉన్నారు.

పక్కనే ఒకామె సంచుల గుట్ట మధ్య కూచుని ఉంది. పేరు జైనబ్బీ. "ఏ ఊరమ్మా మీది?" అని పలకరించింది.

"గోదారి లంక. మీది?"

"ఈడనే, వెనక గల్లీ. నాందేడు నుంచి మా చెల్లె పిల్లలు వచ్చిన్రు. చూపిద్దామని తెచ్చిన."

"అయితే నువ్వు గడ్డం మనిషిని రోజూ చూస్తుంటావన్నమాట!"

జైనబ్బీ నవ్వింది. "యాడ చూసిన! చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈడికే తెస్తా. ఈ సంచులకు ఒకరుండాలె గదా? పెండ్లయిన కాడి నుంచి ఈ అరుగే నాది. గేటు దాటి లోపలికి పోలే."

మంగాయమ్మ ఆమె వంక, ఆ సంచుల గుట్ట వంక చూసింది. వచ్చినవాళ్ళందరినీ తీసుకొచ్చి, లోపలికి పంపి, తను గుమ్మంలో ఉండిపోయేది ఇంటావిడ కాక ఇంకెవరు?

"దొరికావమ్మా తల్లీ!" అంటూ లేచి, గుమ్మడికాయని రెండు చేతులతో ఆమె ఒళ్ళో పెట్టింది. "మీ ఊరికి చుట్టంగా వచ్చాను. తీసుకో. బెల్లం వేసి దప్పళం పెట్టుకో."

జైనబ్బీకి సగం అర్థమైంది, సగం కాలేదు. కాయని మాత్రం చీరచెంగులో పొదువుకుంది. ఆ తర్వాత తన సంచీలోంచి నాలుగు రొట్టెలు, పచ్చడి తీసి పొట్లం కట్టింది. "రైల్ల తినుర్రి. ఖాళీ చేతులతో పోవద్దు. ఇప్పుడు నీ చేతులు ఖాళీ గదా, లోపలికి పో అక్కా, చూసిరా. నేనుంటా."

మంగాయమ్మ రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కొచ్చి మళ్ళీ కూచుంది.

"ఇంటావిడ గుమ్మంలో కూచునుంటే, చుట్టం లోపలికి పోయి చూస్తుందిటమ్మా? వెళితే ఇద్దరం వెళ్ళాలి. లేకపోతే లేదు."

నాలుగు గంటలు కావస్తోంది.

లోపల ఏం జరిగిందో విను. గడియారం ముందు జనం బారులు తీరి కూచున్నారు. సూరయ్య మంచి చోటు చూసుకుని చతికిలబడ్డాడు. బుల్లి కూచోలేదు. కండువా లాగింది.

"తాతా, గడ్డం మనిషిని చూడాలన్నది మామ్మ కదా?"

"చూసి చెబుదాంలే. కూచో."

"నువ్వు చెప్పవు. మెట్లే అంటావు, కుర్చీలే అంటావు. దీన్ని చూసి అంతా కొయ్యే అంటావు."

సూరయ్య లేచి గబగబా బయటికి నడిచాడు. కండువా చివర బుల్లి పరిగెత్తింది.

"మంగా, పద పద! టైమైపోతోంది!"

"ఈమె కూడా రావాలి. సంచుల దగ్గర ఎవరుంటారు?" అంది మంగాయమ్మ.

సూరయ్య సంచుల వంక చూశాడు. గుమ్మడికాయ వంక చూశాడు. "నేనా? ఇంత జనంలో, మగాణ్ణి, సంచులు కాస్తూ కూచోనా?"

"దోసపాదుల్ని కాయట్లేదూ? అలాగే కాయి. ఇవి నీళ్ళు కూడా అడగవు."

సూరయ్య బుల్లి చేతి ముడి విప్పి, ఆ చేతిని మంగాయమ్మ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత తను అరుగు మీద కూచున్నాడు. జైనబ్బీ సంచులన్నీ అతని చుట్టూ పేర్చి, గుమ్మడికాయ ఒళ్ళో పెట్టింది.

ఇంకేముంది, అరుగు మీదున్న ఆడవాళ్ళంతా చూశారు. "అన్నా, మాది కూడా!" "భయ్యా, ఇదొక్కటి!" ఒక్కొక్కరే లేచారు. సంచుల మీద సంచులు, వాటి మీద గొడుగులు, పైన పాలసీసా. చివరికి సూరయ్య తలపాగా ఒక్కటే కనబడుతోంది. "ఏవే మంగా..." అన్నాడు లోపలి నుంచి. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆడవాళ్ళంతా చెంగులు దోపుకుని పరుగు. టికెట్లు తీసుకున్నారు, మెట్లెక్కారు, గడియారం ముందుకి చేరారు. అప్పుడే అందరూ మాటలు ఆపేశారు. టిక్కు, టిక్కు, టిక్కు.

చిన్న తలుపు తెరుచుకుంది. గడ్డం మనిషి వచ్చాడు. ఎంతున్నాడనుకున్నావు? నీ చెయ్యంత! టంగ్. టంగ్. టంగ్. టంగ్. కొట్టేసి, ఎవరి వంకా చూడకుండా లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

మంగాయమ్మ రెప్ప వెయ్యలేదు. పక్కన జైనబ్బీ బుగ్గ మీద వేలు వేసుకుంది. "అల్లా! ఇంతే ఉంటడా? అందరు గంట కొట్టే మనిషి, గంట కొట్టే మనిషి అంటుంటే, మా మామంత ఉంటడనుకున్న!"

మంగాయమ్మకి నవ్వొచ్చింది. "నేనూ అంతే వదినా! ఆయన కోసం చొక్కా కుట్టించుకు రానా అని కూడా అనుకున్నాను!"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళని చూసి మిగతా ఆడవాళ్ళు నవ్వారు, వాళ్ళని చూసి బుల్లి నవ్వింది.

బయటికొచ్చి, ఎవరి సంచులు వాళ్ళు తీసుకుంటే, అడుగు నుంచి సూరయ్య బయటపడ్డాడు. "ఎలా ఉన్నాడే? ఏం చేశాడు?" అని అడిగాడు.

"రైలు పోతోంది, నడు" అంది మంగాయమ్మ.

రైలెక్కి, బస్సెక్కి, పడవెక్కి లంకకి చేరారు. అప్పుడు సూరయ్య మళ్ళీ అడిగాడు. మంగాయమ్మ అతన్ని అరుగు మీద కూచోబెట్టి మొదలుపెట్టింది. తలుపు ఏ రంగు, గడ్డం ఎంత పొడుగు, ముందు ఏ కాలు వేశాడు, సుత్తి ఏ చేత్తో పట్టాడు, గంటకీ గంటకీ మధ్య ఎంత ఆగాడు, పక్కామె ఏమంది, వెనకామె ఎలా నవ్వింది. ఒక్క ముక్క వదలకుండా, మెల్లగా, మొత్తం చెప్పింది. చూసొచ్చి చెప్పడమంటే ఎలా ఉంటుందో సూరయ్యకి ఆ రోజు తెలిసింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చివరిదాకా ఊఁ కొడుతూనే ఉన్నాడు.

ఇంక నువ్వు కొట్టక్కర్లేదు. కళ్ళు మూసుకో.

పడవ రేవుకి, పిట్ట గూటికి,
గంట కొట్టి బొమ్మ లోపలికి,
కథేమో కంచికి,
నా కన్నేమో నిద్దట్లోకి.