వానకంటే ముందు గాలి ఎందుకొస్తుంది

ఒకప్పుడు వాన చెప్పా పెట్టకుండా పడేది. ముందు గాలి లేదు, ఉరుము లేదు, ఆకాశం నల్లబడటమూ లేదు. మబ్బు తెల్లగా, దూదిలా తేలుతూ ఉండేది. ఉన్నట్టుండి కురిసేసేది.

ఆ రోజుల్లో మబ్బుకి మనసు మరీ మెత్తన. కింద ఎవరైనా ఏడిస్తే చాలు, తనకీ ఏడుపొచ్చేది. ఎందుకేడుస్తున్నావని అడగాలని కూడా తోచేది కాదు.

ఈ సంగతి మొదట కనిపెట్టింది కప్ప. దాని గుంటలో నీళ్లున్నాయి. అయినా ఇంకా కావాలి, మెడదాకా కావాలి. ఒకరోజు గొంతు బొంగురు చేసుకుని మా అమ్మ పోయిందని ఏడ్చింది. మబ్బు వెంటనే కురిసింది. మర్నాడు మళ్లీ అమ్మ పోయిందంది. మబ్బు మళ్లీ కురిసింది. అలా ఆ ఒక్క వారంలోనే కప్ప వాళ్లమ్మ నాలుగుసార్లు పోయింది.

గేదె ఇంకో దారి పట్టింది. దానికి ఏడవటం చేతకాదు, వెక్కిరించటం వచ్చు. బురదలో పొర్లాలనిపించినప్పుడల్లా తలెత్తి, "నువ్వు మబ్బువేంటే, పొయ్యిలోంచి లేచిన పొగవి. నీ దగ్గర చుక్క నీళ్లుంటే కదా" అనేది. మబ్బుకి రోషం పొడుచుకొచ్చేది. ఉన్నదంతా దబదబా కుమ్మరించేది. గేదె బురదలో హాయిగా పడుకుని కళ్లు మూసుకునేది.

పొద్దువాలేసరికి మబ్బు ఒళ్లు హూనమై సముద్రం దగ్గరికి చేరేది. సముద్రం పాపం నీళ్లు తోడి పోసేది. రోజూ నిండటం, రోజూ ఒలికిపోవటం. చివరికి మబ్బు పాత చీరలా చివికిపోయింది. చిరుగుల్లోంచి ఆకాశం కనబడేది.

ఒక సాయంత్రం సముద్రం దాన్ని తడిమి చూసి నిట్టూర్చింది. ఇంకొక్కసారి ఊరికే కురిశావంటే పోగుపోగుగా విడిపోతావు, అప్పుడు నేను నీళ్లు పోద్దామన్నా నువ్వే ఉండవు అని చెప్పింది. మబ్బు సరేనంది. ఏడుపొస్తే ఎలా ఆపుకోవాలో మాత్రం దానికి తెలియదు.

తెల్లవారి మబ్బు ఒడ్డు మీదుగా మెల్లగా పోతోంది. అక్కడ నూకాలమ్మ అనే ఆమె ఉప్పు పండించుకుంటుంది. సముద్రపు నీళ్లు మడుల్లో పెట్టి, ఎండకి ఉప్పయ్యేదాకా కాచుకుని కూర్చోవటం ఆమె పని. ఆ మడుల పక్కనే కప్ప గుంట, గేదె పొర్లే చోటు. కప్ప కోసమని కురిసిన వానకి నూకాలమ్మ ఉప్పంతా మూడుసార్లు కరిగిపోయింది. నాలుగోసారి మళ్లీ నీళ్లు పెట్టుకుని, గట్టుమీద మోకాళ్లు కావలించుకుని కూర్చుంది.

మబ్బుకి సిగ్గేసింది. ఆమె మీద కాస్త నీడ పట్టి, నా వల్లే కదా, నన్ను తిట్టవేంటని అడిగింది. తిట్టటానికి కూడా ఓపిక లేదంది నూకాలమ్మ. ఆ మాటకి మబ్బుకి బొళ్లున ఏడుపొచ్చింది.

"ఆగాగు" అంది నూకాలమ్మ. "ఇప్పుడు నువ్వేడిస్తే ఈ మడి కూడా పోద్ది."

మబ్బు పెదవి కొరుక్కుని ఆగింది. పుట్టాక మొదటిసారి.

"ఇటు సూడమ్మా" అంది నూకాలమ్మ. "నీళ్లమీద తెల్లగా పొర కట్టింది కదా. అదే ఉప్పనుకుని ఇప్పుడే చెక్కపలక పెట్టి లాగితే బురదే వస్తాది. పనికి కొత్తోళ్లంతా ఆ తప్పే సేస్తారు. ఆ పొర అడుక్కి దిగాల, గట్టిపడాల. అందాకా గట్టుమీద కూకోవాల. నీ లోపల పొంగేదీ అంతే. పొంగటం తప్పు కాదు. పొంగిందే తడవు లాగెయ్యకు."

మరి అంతసేపూ ఏం చెయ్యనని అడిగింది మబ్బు.

"గొణుక్కో. నానూ అంతే. ఈలోగా ఎవర్నన్నా పంపి నిజమేటో సూసి రమ్మను."

మబ్బుకి గాలి వదిన వరస. ఇల్లిల్లూ తిరగందే ఆమెకి పొద్దుపోదు.

మధ్యాహ్నం కప్ప మేనత్త పోయిందని ఎత్తుకుంది. మబ్బు గుండె నిండిపోయింది. బిగపట్టుకుని బిగపట్టుకుని మొహమంతా నల్లబడిపోయింది. గొణుక్కుంటే ఆ గొణుగుడు ఆకాశమంతా దొర్లింది. గాలి దుమ్ము రేపుకుంటూ కిందికి దిగి, గుంట చుట్టూ తిరిగి వచ్చింది.

"వాళ్లమ్మా, మేనత్తా ఇద్దరూ గుంటలోనే ఉన్నారమ్మాయ్. మేనత్త ఆవలిస్తోంది కూడా."

మబ్బు కురవలేదు. నీకు మనసే లేదంది కప్ప. నేను ముందే చెప్పానుగా, అది పొగేనంది గేదె. రెండు మాటలూ మబ్బుకి గుచ్చుకున్నాయి. ఇంకాస్త నల్లబడింది, ఇంకాస్త గట్టిగా గొణుక్కుంది. అయినా కురవలేదు. కాసేపటికి ఆ నొప్పి దానంతటదే అడుక్కి దిగింది. కప్ప కూడా ఏడుపు మానేసి ఈదుకుంటూ వెళ్లిపోయింది.

అప్పుడు గాలి ఇంకో మాట చెప్పింది. కొండవతల వాగు ఎండిపోయిందట. ఒక లేడిపిల్ల రాయిని నాకుతోందట.

"అది ఏడవట్లేదా వదినా? నాకేం వినబడలేదే."

"ఏడవటానికి గొంతులో తడి ఉండొద్దూ."

మబ్బు చిరుగులన్నీ దగ్గరికి పట్టుకుని కొండవతలికి నడిచింది. దారిపొడుగునా భయంతో గొణుక్కుంటూనే ఉంది. విడిపోతానేమో, విడిపోతానేమో అని. వాగుమీదకి చేరి, లేడిపిల్లని తన కళ్లతో చూసుకుని, అప్పుడు కురిసింది. లేడిపిల్ల నోరు తెరిచి ఆకాశానికి పెట్టింది. మబ్బుకి ఒక్క పోగూ ఊడలేదు. కురవటం అయ్యాక అలసిపోయి ఆ కొండమీదే వాలి నిద్రపోయింది.

అప్పటినుంచే మబ్బు కురిసే ముందు నల్లబడుతుంది, తనలో తను గొణుక్కుంటుంది, గాలిని ముందు పంపిస్తుంది. గాలి తలుపులు కొట్టి, ఇల్లిల్లూ తొంగిచూసి వెళ్లాకే చినుకు పడుతుంది. ఒక్కోసారి అంతా కమ్ముకొచ్చి, ఉరిమి ఉరిమి, ఒక్క చుక్కా రాల్చకుండా వెళ్లిపోతుంది. దండెం మీది బట్టలు తీసేసుకుని వాకిట్లో నిలబడి, మోసం చేసిందంటాం మనం. అది మాత్రం వచ్చిన ఏడుపుని గొంతులోనే పట్టుకుని, ఇంకా చాలా దూరం నడవాలి.